లిబర్టీ: ఇచ్చినది, తీసికొన్నది, ఉన్నది

అమెరికాలో చిల్లర లేని జేబు ఉండవచ్చును గాని, పెన్నీ మొదలుకొని క్వార్టరు వరకు లిబర్టీ అను మాట లేని చిల్లర ఉండదు. 1792లో ఆ దేశపు కాంగ్రెసు తన మొదటి నాణెముల చట్టమును చేసిననాడే ప్రతి నాణెముమీదను ఆ మాట ఉండితీరవలెనని శాసించినది. అయితే నాణెము విలువ యెంతయో నాణెముమీదనే వ్రాసియుండును. మాట విలువ మాటమీద వ్రాసియుండదు. అది పలికినవాని నోటినిబట్టియు, పలికిన చోటునుబట్టియు మనమే తెలిసికొనవలసినది.

గుంటూరునుండియో కరీంనగరునుండియో వచ్చి డాలసులోనో ఎడిసనులోనో కాపురము పెట్టిన తెలుగు గృహస్థుడు, ఉదయము బిడ్డను బడిలో దింపునప్పుడు పతాకవందన ప్రతిజ్ఞలో ఈ మాట వినును. ఆఫీసునకు పోయి పదోన్నతినిగూర్చి అడిగినచో, ఆ సంగతి చెప్పుటకు తనకు లిబర్టీ లేదని మేనేజరు అనును. మధ్యాహ్నము వచ్చిన ఈమెయిలులో, లిబర్టీ తీసికొని మీ లెక్కలు సరిచేసితినని సహోద్యోగి వ్రాసియుండును. సాయంకాలము టీవీలో పౌరుల లిబర్టీలనుగూర్చి న్యాయవాదులు వాదులాడుచుందురు. రాత్రి భోజనమునకు వచ్చిన మిత్రుడు, "మీ దగ్గర నాకా లిబర్టీ ఉంది కాబట్టి అడుగుతున్నానండీ" అని మొదలుపెట్టి, పదివేల డాలర్లు బదులడుగును. ఒక్క దినములో అయిదు మారులు వినవచ్చిన ఈ మాటకు అయిదు చోట్లను ఒకే అర్థము చెప్పుకొన్నవాడు ఆ దినము రెండు మూడు చోట్లనైనను పొరపాటు పడక తప్పదు.

నిఘంటువులు ఈ మాటకు ఎన్ని అర్థములైనను చెప్పుగాక, నిత్యవ్యవహారమునకు మూడు విభాగములు చాలును. ఒకరు ఇచ్చిన లిబర్టీ ఒకటి. మనము తీసికొన్న లిబర్టీ రెండవది. ఎవరును ఇయ్యనక్కరలేక, ఎవరినుండియు తీసికొననక్కరలేక, మనకు ఉన్న లిబర్టీ మూడవది. ఉన్నదానిని ఇచ్చినదిగా భావించినవాడు భయస్థుడగును. ఇచ్చినదానిని ఉన్నదిగా భావించినవాడు భంగపడును. తీసికొన్నదానిని ఇచ్చినదిగా భావించినవాడు, తనకు తెలియకయే, పదిమందికి వెగటగును. పరదేశములో బ్రదుకు మనుష్యుని మనశ్శాంతి ఈ మూటిని వేరుచేసి చూడగల వివేకముమీద చాలవరకు ఆధారపడియున్నది.

ఇచ్చిన లిబర్టీ

అమెరికా నౌకాదళమునందు ఈ మాటకు సందేహమునకు తావులేని అర్థమొకటి కలదు. ఓడ రేవు చేరిన పిదప, కావలి పని లేని నావికులను కొన్ని గంటలకో, ఒకటి రెండు దినములకో ఒడ్డునకు పోయి రమ్మని పై అధికారి పంపుటకే అక్కడ లిబర్టీ యని పేరు. దరఖాస్తు పెట్టుకొని, ఖాతాలో దినములు తరుగగా తీసికొను లీవు వేరు, ఇది వేరు. ఇది ఖాతాకు ఎక్కదు. కాని చెప్పిన వేళ దాటి ఓడ చేరిన నావికుడు శిక్షకు పాత్రుడగును, ఒడ్డున అల్లరి చేసి వచ్చినవానికి తరువాతి రేవులో లిబర్టీ దొరకకపోవచ్చును. ఇచ్చినవాడెవడో, ఎంతవరకు ఇచ్చెనో, ఎప్పుడు తిరిగి తీసికొనునో, ఈ మూడును ఇందు ముందే తెలిసియుండును. ఇచ్చిన లిబర్టీ కంతకును ఇదియే లక్షణము.

ఆఫీసులలోను, ఆసుపత్రులలోను, విశ్వవిద్యాలయములలోను మనవారి చెవికి కటువుగా తోచు వాక్యమొకటి కలదు: "ఐ యామ్ నాట్ ఎట్ లిబర్టీ టు సే." కూతురు చదువునకు ఫీజు కట్టుచున్న తండ్రి, ఆమె మార్కులెట్లున్నవో తెలిసికొనవలెనని విశ్వవిద్యాలయపు కార్యాలయమునకు ఫోను చేయును. ఆవలనున్న ఉద్యోగిని ఎంతో మర్యాదగా ఈ వాక్యమునే చెప్పును. తండ్రికి ఒళ్లు మండును. "ఫీజు కట్టేది నేను, కన్నది నేను, నాకు చెప్పకపోవడమేమిటి?" అని ఇంట్లో భార్యమీద విరుచుకుపడును. కాని ఆ ఉద్యోగిని మాటలో తిరస్కారము లేదు. తన నోరు మరియొకరి చేతిలో ఉన్నదను నివేదన మాత్రమే కలదు. 1974లో వచ్చిన చట్టము ప్రకారము, విద్యార్థి పదునెనిమిదేండ్లు నిండినను, కళాశాలలో చేరినను, తన చదువు కాగితములమీది అధికారము తల్లిదండ్రులనుండి ఆ విద్యార్థికే సంక్రమించును. అనగా చెప్పుటకు లిబర్టీ లేనిది ఉద్యోగినికి. ఆ లిబర్టీని ఇయ్యగలది అదే ఇంటిలో పై గదిలో కూర్చున్న కూతురు. ఆమె సంతకము చేసిన అంగీకారపత్ర మొక్కటి పంపినచో పని ముగియును. ఆ తండ్రి గొంతు పెంచుటకు మారుగా, "ఎవరు అనుమతిస్తే మీరు చెప్పగలరు?" అని అడిగియున్నచో రెండు నిమిషములలో త్రోవ కనబడెడిది. ఎవరైనను తమకు లిబర్టీ లేదన్నప్పుడు, లేదన్నవానితో వాదింపక, ఇయ్యగలవాని చిరునామా అడుగుట ఈ అధ్యాయములో మొదటి పాఠము.

వీసాయు ఈ కోవలోనిదే. హెచ్-1బి మీద ఉన్నవాడు ఏ కంపెనీ పేర దరఖాస్తు పడినదో ఆ కంపెనీలోనే ఉద్యోగము చేయవలెను. ఉద్యోగము పోయినచో, 2017 జనవరిలో అమలునకు వచ్చిన నియమము ప్రకారము, మరియొక దారి చూచుకొనుటకు సాధారణముగా అరువది దినములవరకు గడువు ఉండును, దేశములో ఉండుటకిచ్చిన గడువు అంతకన్న ముందే ముగిసినచో అంతవరకే. వాని భార్యయో భర్తయో హెచ్-4 మీద వచ్చినవారైనచో, ఎంత చదివియున్నను, ఆ హోదా మాత్రమున ఉద్యోగము చేయుటకు వీలు లేదు. గ్రీన్ కార్డు త్రోవలో నిర్ణీతమైన దశను చేరినవారి భార్యలకో భర్తలకో 2015లో ఆ తలుపు కొంత తెరచుకొన్నది. బంగారు పతకము పుచ్చుకొన్న యువతి వంటింటి కిటికీనుండి మధ్యాహ్నపు వీధిని చూచుచు గడపిన సంవత్సరముల బరువు ఎంతటిదో ఆ యిండ్లవారికి తెలియును. ఇట్టి లిబర్టీని శాశ్వతమని నమ్మి ఇల్లు కొని, కారు కొని, కాగితముల గడువు మరచినవాడు ఒకనాడు హఠాత్తుగా మేల్కొనును. కావున ఇచ్చినదానికి తేదీ వ్రాసి పెట్టుకొనవలెను, షరతు చదివి పెట్టుకొనవలెను, కాగితము దాచి పెట్టుకొనవలెను. ఇది పిరికితనము గాదు; ఓడ ఎప్పుడు కదలునో తెలిసిన నావికుడే ఒడ్డున నిశ్చింతగా తిరుగగలడు.

తీసికొన్న లిబర్టీ

ఆంగ్లములో ఏకవచనమునకును బహువచనమునకును నడుమ ఒక గౌరవభంగము దాగియున్న ఘట్టము ఇది. "ఐ హావ్ టేకెన్ ది లిబర్టీ" అని ఏకవచనములో వ్రాసినవాడు మర్యాదస్థుడు. "హి టేక్స్ లిబర్టీస్" అని బహువచనములో అనిపించుకొన్నవాడు చనువు మీరినవాడు. మొదటివాడు చేసినదేమి? అడుగకుండ ఒక చిన్న పని చేసెను. అది ఎదుటివాని మేలుకొరకు చేసెను. వద్దన్నచో వెనుకకు తీసికొనగలిగినంత మేరకే చేసెను. చేసిన మరుక్షణమే తానై చెప్పెను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను ఏకవచనము బహువచనమగును.

ముగ్గురు నలుగురు విద్యార్థులు కలిసి అద్దెకున్న అపార్టుమెంటులోని ఫ్రిజ్జును చూడుడు. ఒకని తల్లి ఊరినుండి నాలుగు పొరల కవరులో చుట్టి, పైన టేపు వేసి పంపిన ఆవకాయ సీసా అందున్నది. "నీ ఆవకాయ ఒక ముక్క వేసుకున్నానురా, నువ్వింకా నిద్ర లేవలేదని అడగలేదు" అన్నవానిమీద ఎవరికిని కోపము రాదు. సీసా గలవాడు తానే మరి రెండు ముక్కలు వేసి పెట్టును. అడుగక, చెప్పక, రోజునకింత తీసికొని, నెల తిరుగునప్పటికి సీసాలో ఎఱ్ఱని నూనె మాత్రము మిగిల్చినవాడు, అదే స్నేహితుడు, అదే వస్తువు, అదే ఆకలి అయినను, వేరొక మనుష్యుడగుచున్నాడు. స్నేహములు పెద్ద ద్రోహములవలన చెడుటకన్న ఇట్టి చెప్పని చిన్న చనువులవలన చెడుటయే ఎక్కువ.

మన దేశములో చనువు ప్రేమకు గుర్తు. రైలులో ఎదురుగా కూర్చున్న పెద్దాయన "ఏం చేస్తుంటావు బాబూ, జీతమెంత, పెళ్లయిందా, పిల్లలెందరు?" అని వరుసగా అడిగినను మనకు ఎబ్బెట్టుగా తోచదు, అడుగనిచో ముభావి యనుకొందుము. ఈ అభ్యాసమును విమానములో తెచ్చుకొని, ఆఫీసులో ప్రక్క కుర్చీలోని అమెరికనును జీతమెంతయనియు, లావెక్కితివేమియనియు, ఇంకను పిల్లలు లేరేమియనియు అడిగినచో, ఆతడు చిరునవ్వుతోనే సమాధానము దాటవేయును. మరునాటినుండి భోజనమునకు వేరొక బల్లను చూచుకొనును. ఆతనికి ప్రేమ లేక గాదు. దేహము, ధనము, కుటుంబము, మతము అను నాలుగు విషయములు తానై విప్పువరకు మూసియుండవలసిన తలుపులని ఆతని మర్యాద ఆతనికి నేర్పినది. ఆతడే ఒకనాడు తన తల్లి జబ్బునుగూర్చి చెప్పుకొనినచో, ఆనాడు ఆ లిబర్టీ ఇచ్చినట్లు. అంతవరకు ఆగుటయే సంస్కారము.

సత్యముతో తీసికొను లిబర్టీలు మరియొక జాతి. 2022లో వచ్చిన ఆర్ ఆర్ ఆర్ చిత్రములో అల్లూరి సీతారామరాజును, కొమురం భీమును చరిత్రలో లేని మైత్రితో జతకూర్చిరి; అమెరికా థియేటర్లలో తెలుగు రానివారు సైతము లేచి గంతులు వేసిరి; దానిని మనవారు సినిమాటిక్ లిబర్టీ యని సమర్థించిరి, అది ఒప్పుకొనదగినదే. కల్పనమని ముందే తెలిసి చూచువాడు మోసపోడు. కాని రెండేండ్ల అనుభవమును ఏడేండ్లుగా మార్చి, చేయని ప్రాజెక్టును చేసినట్లు వ్రాసి ఉద్యోగమునకు పంపిన రెజ్యూమే సినిమా గాదు. చదువువాడు నిజమని నమ్ముటమీదనే అది నిలిచియున్నది. ఒకడు తీసికొన్న ఆ లిబర్టీకి, తరువాత అదే ఊరినుండి, అదే కళాశాలనుండి నిజమైన అనుభవముతో వచ్చిన పదిమంది అనుమానపు చూపుల రూపములో మూల్యము చెల్లింతురు.

ఉన్న లిబర్టీ

నెబ్రాస్కా రాష్ట్రములో, మొదటి ప్రపంచయుద్ధపు ఆవేశము చల్లారకముందు, 1919లో, ఎనిమిదవ తరగతి దాటని బిడ్డలకు ఆంగ్లము తప్ప వేరు వాడుకభాష నేర్పుట నేరమని ఒక చట్టము చేసిరి. 1920 మేలో రాబర్టు మేయరు అను ఉపాధ్యాయుడు ఒక మతసంఘపు బడిలో పదేండ్ల బాలునికి జర్మను భాషలో చదువుట నేర్పుచు పట్టుబడెను; ఆతనికి ఇరువదియైదు డాలర్ల జుల్మానా పడినది. ఆ చిన్న మొత్తమునకై ఆతడు సుప్రీంకోర్టు వరకు పోరాడగా, 1923 జూన్ 4న న్యాయమూర్తి మెక్‌రేనాల్డ్స్ వ్రాసిన తీర్పు ఆ జుల్మానాను కొట్టివేసినది. పదునాలుగవ రాజ్యాంగ సవరణలోని లిబర్టీ యనగా చేతికి సంకెలలు లేకుండుట మాత్రమే కాదనియు, బ్రదుకుతెరువు చూచుకొనుట, విద్య సంపాదించుట, వివాహమాడుట, ఇల్లు నిలుపుకొనుట, బిడ్డలను పెంచుకొనుట, తన దైవమును తాను కొలుచుట ఇవన్నియు అందు చేరునని న్యాయస్థానము తెలిపినది. నేడు ఆదివారమునాడు ఏ దేవాలయపు నేలమాళిగలోనో, ఏ మనబడి తెలుగు తరగతిలోనో, అమెరికాలో పుట్టిన పిల్లలు నాలుక మడవలేక ళకారముతో కుస్తీ పట్టుచుండగా వినువారు ఆ జర్మను బోధకునికి తామెంత ఋణపడియున్నారో తలచుకొనదగును. తన బిడ్డకు తన భాష నేర్పుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అది ఉన్న లిబర్టీ.

పతాకవందన ప్రతిజ్ఞ సంగతియు అట్టిదే. 1892లో పుట్టిననాటినుండి అందు లిబర్టీ అను మాట ఉన్నది. ఆ ప్రతిజ్ఞతో కూడిన పతాకవందనమును తమ మతవిశ్వాసమునకు విరుద్ధమని చేయనందుకు బడినుండి వెళ్లగొట్టబడిన బిడ్డల వ్యాజ్యములో, 1940లో సుప్రీంకోర్టు బడులవైపే మొగ్గినది. మూడేండ్లకే, రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండగనే, 1943 జూన్ 14న, వెస్టు వర్జీనియానుండి వచ్చిన బార్నెట్ వ్యాజ్యములో, న్యాయమూర్తి రాబర్టు జాక్సను కలముతో తన తీర్పును తానే త్రోసిపుచ్చినది. ప్రభుత్వ పాఠశాలలో ఏ బిడ్డచేతను బలవంతముగా ఆ ప్రతిజ్ఞ పలికింపరాదు. అనగా లిబర్టీని స్తుతించు ఆ మాటలను పలుకకుండుటయు లిబర్టీలోనిదే. మన బిడ్డలు సంతోషముగా పలుకుదురుగాక. తనకు ఇష్టమై పలుకుచున్నానని తెలిసి పలికిన పలుకునకే బరువు ఉండును.

అయితే ఉన్న లిబర్టీ అందరికి ఉన్నట్లు ఆ దేశము అన్నివేళల ఒప్పుకొన్నదని చెప్పుట అసత్యము. మేయరు గెలిచిన 1923లోనే, ఫిబ్రవరి 19న, అదే న్యాయస్థానము, అమెరికా సైన్యములో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో, భారతీయులు చట్టము చెప్పిన శ్వేతజాతీయులు కారనియు, పౌరసత్వమునకు అర్హులు కారనియు తీర్పు చెప్పినది. భీమవరమున పుట్టి, 1920ల తొలినాళ్లలో బోస్టను చేరి, ఫోలిక్ ఆమ్లముపై చేసిన కృషితో వైద్యలోకమునకు మేలుచేసిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా జీవితమంతయు దాదాపు ఆ తీర్పు నీడలోనే గడచినది. 1946లో లూస్-సెల్లర్ చట్టము వచ్చి తలుపు తెరచిన రెండేండ్లకే ఆయన మరణించెను. ఉన్నదానిని ఉన్నదని గుర్తింపజేయుటకు ఒక్కొక్కప్పుడు ఒక తరము పట్టును. కావుననే, ఉన్నదని గుర్తింపు పొందినదానిని వాడుకొనుటకు సంకోచించుట ముందు తరమువారి శ్రమను వృథా చేయుట యగును. దారిలో పోలీసు ఆపి ప్రశ్నించుచున్నప్పుడు "నేను వెళ్లవచ్చునా?" అని నెమ్మదిగా అడుగుట ధిక్కారము గాదు, అర్థము గాని కాగితముమీద సంతకము చేయక, చదివి చెప్పెదనని ఇంటికి తెచ్చుకొనుట అవిధేయత గాదు. వినయము వేరు, ఉన్నదానిని వదలుకొనుట వేరు.

మూల్యమెవరిది

1864 ఏప్రిల్ 18న బాల్టిమోరు నగరములో జరిగిన సభలో అబ్రహాం లింకను ఈ మాటనుగూర్చి చెప్పినంత సూటిగా మరియొకరు చెప్పియుండరు. లిబర్టీ కావలెనని అందరును అందురు గాని, కొందరికి అది తన్నును తన శ్రమఫలమును తానిచ్చ వచ్చినట్లు ఏలుకొనుట, మరికొందరికి ఇతరులను, వారి శ్రమఫలమును ఇచ్చ వచ్చినట్లు ఏలుకొనుట యని ఆయన విడమరచెను. గొఱ్ఱె కంఠమునుండి తోడేలును తరిమిన కాపరిని గొఱ్ఱె విమోచకుడని కొనియాడగా, తోడేలు ఆతనినే లిబర్టీకి శత్రువని దూషించునని ఆయన చెప్పిన దృష్టాంతము. బానిసత్వము ఇంకను చట్టబద్ధముగానున్న మేరీలాండు గడ్డమీద నిలిచి చెప్పిన మాట అది. కొన్ని నెలలకే ఆ రాష్ట్రము తన రాజ్యాంగమునుండి బానిసత్వమును తొలగించినది.

కాబట్టి మూడు విభాగములకును పైన ఒక ప్రశ్న నిలుచును: ఈ లిబర్టీకి మూల్యము చెల్లించుచున్నది ఎవరు? నేనే చెల్లించుచున్నచో అది నాది. ఎదుటివాడు చెల్లించుచున్నచో, దానికి ఎంత అందమైన పేరు పెట్టుకొన్నను, అది తోడేలు కోరునది.

సాధన

ఒక వారము దినములు ఈ అభ్యాసము చేయుడు. "ఇది నా యిష్టం" అనియో, "వాడికేం హక్కుంది" అనియో, "ఆ మాత్రం చనువు లేదా" అనియో నోటికి వచ్చినప్పుడెల్ల, పలుకకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఇచ్చినదా, తీసికొన్నదా, ఉన్నదా? ఇచ్చినదైనచో, ఇచ్చినవారెవరు, ఎంతవరకు? మూల్యమెవరిది? రాత్రి ఒక కాగితముమీద ఆనాటి సందర్భమొకటి వ్రాసి, ప్రక్కన ఈ మూటికి సమాధానము వ్రాయుడు. నాలుగైదు దినములకే, మీరు భయపడిన చోట్లలో కొన్ని మీ హక్కులనియు, మీరు దబాయించిన చోట్లలో కొన్ని ఒకరి దయ యనియు తేలును.

ఈ పట్టికలో మిక్కిలి కష్టమైన వరుస ఇంటిది. బయట తనకు ఏది ఇచ్చినది, ఏది ఉన్నది అని జాగ్రత్తగా లెక్క చూచుకొను గృహస్థుడు, గడప దాటి లోపలికి వచ్చునప్పటికి తానే ఓడ కెప్టెనుగా మారి, భార్య ఉద్యోగమునకు, కొడుకు ఎన్నుకొన్న చదువునకు, కూతురు కోరిన పెండ్లికి అన్నిటికిని లిబర్టీ యిచ్చుటయో నిరాకరించుటయో తన పనియనుకొనును. "మా ఇంట్లో నేను అందరికీ ఫుల్ లిబర్టీ ఇచ్చాను" అని విందులలో గర్వముగా చెప్పుకొను పెద్దమనుష్యులను మనమందరము ఎరుగుదుము. వారి ఔదార్యమునందు సందేహము లేదు. కాని తన జీవితమునుగూర్చి నిర్ణయించుకొను అధికారము యుక్తవయస్కురాలైన కూతురునకు తండ్రి ఇచ్చినది గాదు, ఆమెకు ఉన్నది. ఇచ్చితినన్నవాడు ఎప్పుడైనను తిరిగి తీసికొందునను బెదరింపును ఆ మాటలోనే దాచి ఉంచుచున్నాడు. పసిబిడ్డకు తల్లిదండ్రులు హద్దులు పెట్టక తప్పదు, అది వారి ధర్మము. బిడ్డ ఎదిగినకొలది ఇచ్చినదాని పట్టికలోనుండి ఒక్కొక్కటి కొట్టివేసి ఉన్నదాని పట్టికలోనికి మార్చుచు పోవుటయు వారి ధర్మమే. ఈ వారము ఆ మార్పును ఒక్కదానితోనైనను మొదలుపెట్టుడు; ఏది మార్చవలెనో మీకు తోచనిచో, బిడ్డలను అడుగుడు, వారికి తడుముకొనకుండ చెప్పుటకు సమాధానము సిద్ధముగా ఉండును.